గాలిని మించి పరుగెత్తే తెరచాప పడవకు అడ్డుపడేది గాలా, నీరా?

(ప్రశ్న, సమాధానాల పక్కన ఉన్నవి రాసినవారి కలంపేర్లు.)

ప్రశ్న: వాలుగాలి

2012 నవంబర్ 24న నమీబియాలోని వాల్విస్ బే వద్ద ‘వెస్టాస్ సెయిల్‌రాకెట్ 2’ అనే తెరచాప పడవ 500 మీటర్ల దూరాన్ని సగటున 65.45 నాట్ల వేగంతో దాటింది. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు కనుక ఇది గంటకు 121 కిలోమీటర్ల పైమాటే. దాన్ని నడిపినవారు పాల్ లార్సెన్. ఆ సమయంలో వీచిన గాలి వేగం 30 నాట్లకు లోపే ఉందని చదివాను. అంటే పడవ గాలి కంటే రెండు రెట్లకు పైగా వేగంగా వెళ్లిందన్నమాట. ఈ విషయంలో నాకు మూడు సందేహాలు ఉన్నాయి.

గాలి వీచే దిశలోనే పడవ పోతున్నప్పుడు దాని వేగం గాలి వేగంతో సమానమైతే తెరచాప మీద ఒత్తిడి ఉండదని నాకు తెలుసు. గాలికి అడ్డంగా పోయే పడవకు అలాంటి హద్దు లేదని పుస్తకాలు చెబుతున్నాయి. అయితే దానికి ఉన్న హద్దు ఏమిటి? ఏదో ఒకటి ఉండే తీరాలి కదా. ఇక రెండోది: ఆ తర్వాతి సంవత్సరాల్లో కార్బన్ ఫైబర్ తయారీ, కంప్యూటర్ గణనలు, హైడ్రోఫాయిల్ (పడవ కింద నీటిలో పనిచేసే రెక్క) నైపుణ్యం ఎంతో ముందుకు పోయినా ఆ రికార్డు ఎందుకు చెదరలేదు? మూడోది కొంచెం విచిత్రంగా అనిపించవచ్చు. ఆ పడవ ఫొటోలలో తెరచాప పడవ మధ్యలో కాకుండా దూరంగా ఒక పక్కన, అదీ ఒరిగి ఉంది. పొడవాటి శరీరం కూడా తాను పోతున్న దిక్కుకు కాకుండా పక్కకు తిరిగి ఉన్నట్టు కనిపిస్తోంది. ఇది కెమెరా కోణం వల్ల కలిగిన భ్రమా, లేక నిజంగానే అలా కట్టారా?

సమాధానం: త్రిభుజం

మీ మొదటి సందేహానికి సమాధానం ఒక త్రిభుజంలో ఉంది. ఈ విషయాన్ని ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1907 నాటికే గుర్తించారు.

పడవ మీద నిలబడిన మనిషికి తగిలే గాలి, ఒడ్డున నిలబడిన మనిషికి తగిలే గాలి ఒకటి కావు. ఒడ్డున ఉన్నవారికి తగిలేది నిజ గాలి. పడవ మీద ఉన్నవారికి తగిలేది ఆ నిజ గాలీ, పడవ కదలిక వల్ల ముందు నుంచి వచ్చే గాలీ కలిసిన సాపేక్ష గాలి. ఈ మూడూ మూడు భుజాలుగా ఏర్పడేదే ఆ త్రిభుజం. వేగం పెరిగే కొద్దీ సాపేక్ష గాలి పడవ ముందువైపుకు జరుగుతూ వస్తుంది. గాలి పక్క నుంచి వీస్తున్నా నడిపేవారి ముఖానికి మాత్రం దాదాపు ఎదురుగాలి తగులుతుంది. ఆ సాపేక్ష గాలికీ, పడవ ప్రయాణ దిశకూ మధ్య ఉన్న కోణమే ఇక్కడ అసలు విషయం. దాన్ని సాధారణంగా బీటా అంటారు.

ఇప్పుడు బలాలను చూద్దాం. తెరచాప మీద గాలి కలిగించే బలంలో రెండు భాగాలు ఉంటాయి. సాపేక్ష గాలికి లంబంగా ఉండేది లిఫ్ట్, సాపేక్ష గాలి వెంట వెనక్కు లాగేది డ్రాగ్. నీటిలో ఉన్న కీల్ (పడవ అడుగున ఉండే నిలువు పలక) లేదా ఫాయిల్ మీద కూడా ఇలాగే లిఫ్ట్, డ్రాగ్ ఉంటాయి. కాకపోతే అక్కడ వాటిని ప్రయాణ దిశను బట్టి కొలుస్తాం. పడవ నిలకడైన వేగంతో పోతోందంటే గాలి బలమూ నీటి బలమూ ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా, సమానంగా ఉన్నాయని అర్థం. డ్రాగ్ వల్ల మొత్తం బలం లిఫ్ట్ దిశ నుంచి ఎంత వెనక్కు ఒరిగిందో చెప్పేదే డ్రాగ్ కోణం. అలా ఉండాలంటే గాలివైపు డ్రాగ్ కోణం, నీటివైపు డ్రాగ్ కోణం కలిపితే వచ్చే మొత్తం బీటాకు సమానం కావాలి. ఇది రెండు గీతలు గీసి ఎవరైనా రుజువు చేసుకోగలిగిన ఫలితం. ఇందులో తెరచాప ఎంత పెద్దది, పడవ ఎంత బరువు అనే ప్రసక్తే రాదు.

ఆ తర్వాత సైన్ సూత్రం వాడితే, పడవ అందుకోగల గరిష్ఠ వేగం నిజ గాలి వేగాన్ని బీటా సైన్‌తో భాగించగా వచ్చే విలువ అవుతుంది. ఉదాహరణకు గాలివైపు లిఫ్ట్, డ్రాగ్‌కు ఐదు రెట్లు ఉండి, నీటివైపు కూడా అంతే ఉందనుకోండి. ఒక్కో కోణం 11.3 డిగ్రీలు, మొత్తం 22.6 డిగ్రీలు. అప్పుడు పడవ గాలి కంటే 2.6 రెట్లు వేగంగా పోగలదు. సెయిల్‌రాకెట్ 2 సాధించిన నిష్పత్తి దాదాపు ఇదే. గాలివైపు ఏమీ మార్చకుండా నీటివైపు నిష్పత్తిని పదికి పెంచగలిగితే బీటా 17 డిగ్రీలకు తగ్గి వేగం 3.4 రెట్లు అవుతుంది. రెండువైపులా పది అయితే ఐదు రెట్లు.

ఈ లెక్కలో మరో సంగతి కూడా బయటపడుతుంది. గరిష్ఠ వేగం దొరికేది గాలికి సరిగ్గా అడ్డంగా పోయినప్పుడు కాదు, అంతకంటే బీటా అంత కోణం గాలివాలుకు (గాలి పోయే వైపుకు) మళ్లినప్పుడు. ఆ దిశలో నిజ గాలికీ సాపేక్ష గాలికీ మధ్య ఖచ్చితంగా లంబకోణం ఏర్పడుతుంది. 26 నాట్ల గాలిలో 65 నాట్ల వేగంతో పోతున్న పడవకు అప్పుడు తగిలే సాపేక్ష గాలి దాదాపు 60 నాట్లు ఉంటుంది.

గాలి కంటే వేగంగా పోవడం శక్తి నిత్యత్వ నియమానికి విరుద్ధం కాదా అని కొందరు ప్రతిసారీ అడుగుతారు. కాదు. పడవ వాడుకునేది గాలికీ నీటికీ మధ్య ఉన్న వేగాల తేడాను మాత్రమే. పడవ దాటిపోయిన తర్వాత దాని వెనుక గాలి కొంచెం మందగిస్తుంది. పడవకు శక్తి అక్కడి నుంచే వచ్చింది. సన్నటి కోణంలో ఉన్న కత్తెర అంచులను మూస్తున్నప్పుడు ఆ రెండూ కలిసే బిందువు అంచుల కంటే ఎంతో వేగంగా ముందుకు పరుగెత్తడం గమనించే ఉంటారు. గాలి ఒక అంచు, నీరు మరో అంచు అనుకుంటే, మధ్యలో పరుగెత్తే ఆ బిందువే పడవ.

సమాధానం: నీటి అడుగున

త్రిభుజం గారి వివరణలో తప్పేమీ లేదు గానీ, ఆ సూత్రం ఒక్కటే చదివితే గాలి ఎంత బలంగా వీస్తే పడవ అంత వేగంగా పోతుందనే అభిప్రాయం కలుగుతుంది. 40 నాట్ల గాలిలో సెయిల్‌రాకెట్ 100 నాట్లు పోదు. ఎందుకంటే నీటివైపు లిఫ్ట్‌కూ డ్రాగ్‌కూ ఉన్న నిష్పత్తి అన్ని వేగాలలోనూ ఒకేలా నిలవదు, ఒక వేగం దాటాక ఒక్కసారిగా కూలిపోతుంది. రికార్డుల చరిత్రలో సగం ఆ కూలిపోవడం చుట్టూ జరిగిన పోరాటమేనని నా అభిప్రాయం.

కారణం కావిటేషన్. ఫాయిల్ అంటే నీటిలో పనిచేసే రెక్క. దాని ఒక ముఖం మీద పీడనం పెరుగుతుంది, రెండో ముఖం మీద తగ్గుతుంది, ఆ తేడాయే లిఫ్ట్. మామూలు ఫాయిల్‌లో ఎక్కువ పని చేసేది పీడనం తగ్గిన ముఖమే. అయితే పీడనం ఎంత వరకు తగ్గగలదు? సముద్ర మట్టం వద్ద వాతావరణ పీడనం 101 కిలోపాస్కల్స్. నీటి లోతు ఒక మీటర్ పెరిగితే మరో 10 కిలోపాస్కల్స్ కలుస్తాయి. ఆ మొత్తం కరిగిపోయి నీటి ఆవిరి పీడనం దాకా దిగితే, ఎంత చల్లటి నీరైనా అక్కడికక్కడే మరిగి ఆవిరి అవుతుంది. ఫాయిల్ మీద ఆవిరి సంచులు ఏర్పడతాయి. అక్కడి నుంచి ఎంత ప్రయత్నించినా ఆ ముఖం అదనంగా లాగలేదు. డ్రాగ్ మాత్రం పెరుగుతుంది. ఆవిరి సంచులు కూలే చోట లోహాన్ని సైతం గుంటలు పడేలా కొరికేస్తాయి.

దీన్ని సంఖ్యలలో చూస్తే ఎందుకు తప్పించుకోలేమో అర్థమవుతుంది. 20 నాట్ల వేగంలో సముద్రపు నీటి గతిజ పీడనం (వేగం వల్ల కలిగే పీడనం) సుమారు 54 కిలోపాస్కల్స్. మన చేతిలో ఉన్న వంద కిలోపాస్కల్స్ దానికి రెండింతలకు దగ్గరగా ఉన్నాయి కనుక ఫాయిల్‌ను ఎలా మలిచినా పెద్ద ఇబ్బంది రాదు. 50 నాట్ల వద్ద గతిజ పీడనం సుమారు 340 కిలోపాస్కల్స్ అవుతుంది, మన నిల్వ మాత్రం ఆ వందే. ఫాయిల్ మీద ఏ ఒక్క బిందువులోనైనా చూషణ గతిజ పీడనంలో మూడో వంతు దాటితే చాలు, అక్కడ నీరు ఆవిరి అవుతుంది. 65 నాట్ల వద్ద గతిజ పీడనం 570 దాటుతుంది, హద్దు ఆరో వంతుకు పడిపోతుంది. ఇక్కడ వాతావరణ పీడనం స్థిరం, గతిజ పీడనం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఏ కొత్త పదార్థమూ ఈ లెక్కను మార్చలేదు. అందుకే కార్బన్ ఫైబర్ ఎంత మెరుగుపడినా ఫలితం అంతగా కనిపించదు.

ఫ్రాన్స్‌కు చెందిన ‘ఇద్రోప్తేర్’ ఈ గోడ దాకా వెళ్లిన పడవ. అలైన్ తెబో నాయకత్వంలో అది 2009 సెప్టెంబర్‌లో ఇయేర్ వద్ద 500 మీటర్లను సగటున 51.36 నాట్లతో దాటి అప్పటి రికార్డును సాధించింది. దాని ఫాయిల్‌లు మామూలు పద్ధతిలో, అంటే నీరు రెండు ముఖాలనూ అంటి పెట్టుకుని ప్రవహించేలా మలిచినవి. అంతకు ముందు సంవత్సరం అంతకంటే ఎక్కువ వేగంతో పోతూ అది బోల్తా పడింది కూడా.

సెయిల్‌రాకెట్ 2 బృందం గోడను బద్దలు కొట్టలేదు, గోడకు అవతలి వైపున పనిచేసే ఫాయిల్ తయారు చేసుకుంది. దాని అడ్డకోత చీలిక ఆకారంలో ఉంటుంది. ముందు అంచు పదునుగా, వెనుక అంచు మందంగా నరికేసినట్టు ఉంటుంది. వెనుక భాగంలో ఏర్పడే ఖాళీలోకి ఉపరితలం నుంచి గాలి దిగివచ్చి నింపుతుంది. అలా గాలి నిండితే అక్కడి పీడనం ఆవిరి పీడనం దాకా పడిపోదు, ఆవిరి సంచులు ఏర్పడి కూలే అల్లకల్లోలం తప్పుతుంది. దీనికి చెల్లించిన మూల్యం తక్కువది కాదు. పై ముఖం పూర్తిగా ఖాళీ సంచిలో ఉండి కింది ముఖం మాత్రమే నీటిని తాకే చదును పలకను సిద్ధాంతపరంగా లెక్కిస్తే, అదే కోణంలో మామూలు పలక ఇచ్చే లిఫ్ట్‌లో నాలుగో వంతు మాత్రమే వస్తుంది. అంతేకాక మందపాటి వెనుక అంచు వల్ల తక్కువ వేగంలో డ్రాగ్ విపరీతంగా ఉంటుంది. కాబట్టి ఇలాంటి ఫాయిల్ 60 నాట్లలో అద్భుతంగానూ, 20 నాట్లలో దారుణంగానూ పనిచేస్తుంది. పడవ ఆ 20 నుంచి 60కి చేరడమే పెద్ద సమస్య.

అదనపు ప్రశ్న: వాలుగాలి

ఇద్దరికీ కృతజ్ఞతలు. కావిటేషన్ గోడ 50 నాట్ల దగ్గర ఉందంటే, ఇద్రోప్తేర్ కంటే ముందే గాలిపటం పట్టుకుని పలక మీద నిలబడిన మనుషులు ఆ గోడను దాటారు కదా? వారికి అంత ఖరీదైన ఫాయిల్‌లు కూడా లేవు. అలాగే నీరే అసలు అడ్డంకి అయితే, నీటిని వదిలేసిన వాహనాలు ఎంత వేగంగా పోతున్నాయి?

సమాధానం: నీటి అడుగున

మీరు చెప్పింది నిజమే. 2008 అక్టోబర్‌లో నమీబియాలోనే లూడెరిట్జ్ వద్ద సెబాస్టియన్ కట్టలాన్ 50.26 నాట్లతో మొదటిసారి ఆ హద్దు దాటారు. ఆ వెంటనే అలెక్స్ కైజెర్గ్ 50.57 నాట్లు సాధించారు. 2010లో రాబ్ డగ్లస్ దాన్ని 55.65 దాకా తీసుకుపోయారు. సెయిల్‌రాకెట్ అధిగమించిన రికార్డు అదే.

వారికి గోడ ఎందుకు అడ్డుపడలేదంటే, గాలిపటం పలక పక్కబలాన్ని ప్రధానంగా తన అంచుతో పుట్టిస్తుంది. ఆ అంచు నీటి ఉపరితలాన్ని కోస్తూ పోతుంది, పలక పై ముఖం గాలికి తెరిచే ఉంటుంది. నీరు తాకేది కింది ముఖాన్ని మాత్రమే. చూషణ మీద ఆధారపడని చోట ఆవిరి కావడానికీ ఏమీ ఉండదు. సెయిల్‌రాకెట్ ఫాయిల్ ఎంతో శ్రమపడి సాధించినది ఆ పలకకు స్వభావసిద్ధంగానే ఉంది. అయితే గాలిపటం తాళ్ల డ్రాగ్, నిలబడిన మనిషి శరీరం మీద పడే గాలి డ్రాగ్ మాత్రం తగ్గేవి కావు. అక్కడ బీటా పెద్దదిగానే ఉండిపోతుంది. వారికి ఎక్కువ గాలి కావలసి రావడం అందుకే.

నీటిని వదిలేస్తే ఏమవుతుందో చూపించింది ‘హోరోనుకు’ అనే తెరచాప చక్రాల బండి. 2022 డిసెంబర్‌లో దక్షిణ ఆస్ట్రేలియాలోని గైర్డ్‌నర్ ఎండు సరస్సు మీద గ్లెన్ ఆష్‌బీ దాన్ని గంటకు 222.43 కిలోమీటర్ల వేగంతో నడిపారు. అంతకు ముందు రికార్డు 2009లో రిచర్డ్ జెంకిన్స్ ‘గ్రీన్‌బర్డ్’తో సాధించిన 202.9 కిలోమీటర్లు. హోరోనుకు పరుగు నాటి గాలి సుమారు 22 నాట్లే కనుక నిష్పత్తి ఐదు దాటింది. అంటే బీటా పది పదకొండు డిగ్రీలకు దిగింది. చక్రాలకు పక్కబలం పుట్టించడానికి అయ్యే డ్రాగ్ అతి తక్కువ. అక్కడ మిగిలేది దాదాపు గాలివైపు డ్రాగ్ మాత్రమే.

సమాధానం: పాత రేవు

మూడో సందేహాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నాకు అదే అన్నిటికంటే ఆసక్తికరం. ఫొటోలో మీరు చూసినది భ్రమ కాదు.

మామూలు తెరచాప పడవలో గాలి బలం ఎత్తున పనిచేస్తుంది, దాన్ని ఎదుర్కొనే నీటి బలం కింద పనిచేస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం పడవను పక్కకు ఒరిగిస్తుంది. ఒరగకుండా ఆపడానికి సీసపు బరువు గల కీల్ పెట్టాలి, లేదా రెండు మూడు పడవలను వెడల్పుగా కలిపి కట్టాలి, లేదా మనుషులు అంచు మీద వేలాడాలి. ఎలా చేసినా ఆ ఆపగల శక్తికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటిన తర్వాత ఎంత గాలి వీచినా దాన్ని వాడుకోలేక తెరచాపను వదులు చేసి గాలిని పారబోయడమే మిగులుతుంది. చాలా పడవల వేగాన్ని నిర్ణయించేది బీటా కంటే ముందు ఈ ఒరుగుడే.

అమెరికాకు చెందిన బెర్నార్డ్ స్మిత్ 1960లలోనే దీనికి ఒక పరిష్కారం ప్రతిపాదించారు. తెరచాపను గాలివాలు పక్కన దూరంగా పెట్టి ఒరగేయండి. ఫాయిల్‌ను గాలి వచ్చే పక్కన అందుకు తగిన వాలులో పెట్టండి. తెరచాప పైకీ, గాలివాలుకూ లాగుతుంది. ఫాయిల్ కిందికీ, గాలి వచ్చే వైపుకూ లాగుతుంది. ఈ రెండు బలాలూ ఒకే సరళరేఖలో ఉంటే ఒరిగించే భ్రామకమే (తిప్పే ప్రభావమే) పుట్టదు. గాలి రెట్టింపు అయితే రెండు బలాలూ రెట్టింపు అవుతాయి గానీ పడవ మాత్రం అలాగే నిలకడగా ఉంటుంది. సెయిల్‌రాకెట్‌ల రూపకర్త మాల్కమ్ బార్న్‌స్లీ ఆ ఆలోచనను తీసుకునే పని మొదలుపెట్టారు. ఫాయిల్ పడవను పైకి ఎత్తడం కాకుండా కిందికి పట్టి ఉంచడం వినడానికి వింతగా ఉంటుంది. అయితే ఆ పట్టు లేకపోతే తెరచాప పడవను గాలిలోకి లేపేస్తుంది. మొదటి సెయిల్‌రాకెట్ 2008 డిసెంబర్‌లో 50 నాట్లు దాటిన పరుగులో సరిగ్గా అలాగే పైకి లేచి వెనక్కు పల్టీ కొట్టింది. రెండో పడవలో తెరచాప, ఫాయిల్, శరీరాల అమరికను మొత్తం కొత్తగా ఆలోచించారు.

శరీరం పక్కకు తిరిగి ఉండటానికి కారణం త్రిభుజం గారి సమాధానంలోనే దాగి ఉంది. 65 నాట్ల వేగంలో ఆ పడవ శరీరం నీటిని తాకేది చాలా తక్కువ, ఎక్కువగా ఎదుర్కొనేది గాలినే. ఆ గాలి ప్రయాణ దిశ నుంచి రాదు, దానికి ఇరవై చిల్లర డిగ్రీల పక్క నుంచి, అంటే బీటా కోణంలో వస్తుంది. కనుక శరీరాన్ని ఆ సాపేక్ష గాలికి ఎదురుగా తిప్పి కట్టారు. కింద ఉన్న తేలుడు భాగాలూ, ఫాయిల్ మాత్రం ప్రయాణ దిశకే తిరిగి ఉంటాయి. విమానాన్ని గాలి కోసమూ పడవను నీటి కోసమూ విడివిడిగా గీసి ఒకదానికొకటి ఒక కోణంలో అతికించినట్టు ఉంటుంది దాని రూపం. నాకు తెలిసినంతలో బీటా సిద్ధాంతాన్ని ఇంత స్పష్టంగా కంటికి చూపించే వస్తువు మరొకటి లేదు.

ఇలా కట్టిన పడవ ఒక్కవైపు గాలిలోనే నడుస్తుంది. వెనక్కు తిప్పుకుని రావడం దానికి చేతకాదు. పరుగు ముగిశాక మరో పడవతో లాక్కుని మొదటి చోటికి తీసుకురావాలి. ఇదేమీ కొత్త కాదు. ఇంగ్లండులోని పోర్ట్‌లాండ్ హార్బర్‌లో 1972లో 26.3 నాట్లతో మొదటి అధికారిక రికార్డు నెలకొల్పిన టిమ్ కోల్‌మన్ ‘క్రాస్‌బో’ కూడా ఒక్కవైపే నడిచే పడవ. దాని తర్వాతిది ‘క్రాస్‌బో 2’ 1980లో 36 నాట్లు అందుకుంది. 1993లో ఆస్ట్రేలియాలోని శాండీ పాయింట్ వద్ద సైమన్ మెకీన్ 46.52 నాట్లతో నడిపిన ‘యెల్లో పేజెస్ ఎండెవర్’ మూడు చిన్న తేలుడు భాగాల మీద నిలబడిన గట్టి రెక్క తెరచాప. అదీ ఒకే వైపుది. ఆ రికార్డును 2004లో ఫినియన్ మేనార్డ్ విండ్‌సర్ఫింగ్ పలక మీద దాటేదాకా పదకొండేళ్లు ఎవరూ కదల్చలేకపోయారు.

సమాధానం: లంగరు

నాది చిన్న అభ్యంతరం. ఒక్కవైపే పోయేది, వెనక్కు రాలేనిది, 15 సెకన్లలో పరుగు ముగించేది, అలలు లేని తీరం పక్కన తప్ప పనికిరానిది, దాన్ని పడవ అని ఎలా అంటాం? సెయిల్‌జీపీ పోటీలలో పాల్గొనే ఎఫ్50 పడవలు మలుపులు తిరుగుతూ, పక్క పడవలను తప్పించుకుంటూ గంటకు వంద కిలోమీటర్ల దగ్గరి వేగాన్ని అందుకుంటున్నాయి. నా దృష్టిలో ఇంజినీరింగ్ గొప్పతనం అక్కడే ఎక్కువగా ఉంది.

సమాధానం: పాత రేవు

లంగరు గారు, ఎఫ్50 గొప్పదనాన్ని నేను కాదనను. అయితే అవి రెండు దిక్కులకూ తిరగాలి, తక్కువ గాలిలోనూ నీటిపైకి లేవాలి కనుక వాటి ఫాయిల్‌లు రాజీ పడక తప్పదు. నీటి అడుగున గారు చెప్పిన గోడ దగ్గరికి వచ్చి అక్కడే తచ్చాడటానికి అదే కారణం. ప్రపంచ తెరచాప వేగ రికార్డుల మండలి పరిశీలించేది 500 మీటర్ల సగటు వేగాన్ని. నడిపే శక్తి గాలిదే కావాలి, వాహనం నీటి మీదే ఉండాలి, దాన్ని మనిషి నడపాలి. ఆకారం ఎలా ఉండాలో మండలి చెప్పదు. ఆ స్వేచ్ఛే లేకపోతే స్మిత్ ఆలోచన కాగితం మీదే ఉండేది. పైగా సెయిల్‌రాకెట్ 2 అదే నెలలో ఒక నాటికల్ మైలు దూరాన్ని కూడా సగటున 55.32 నాట్లతో దాటింది. అది 15 సెకన్ల ఆట కాదు.

అలలు లేని నీరు కావాలన్న మాట మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం. 30 నాట్ల గాలి వీచే చోట నీరు చదునుగా ఉండటం దాదాపు అసాధ్యం. గాలి భూమి మీదుగా వచ్చి ఒడ్డు నుంచి నీటిలోకి దిగేచోట, ఒడ్డుకు ఆనుకుని ఉన్న సన్నటి పట్టీలో మాత్రమే అలలు ఇంకా పుట్టి ఉండవు. వాల్విస్ బేలో ఎడారి వేడి వల్ల బలమైన గాలి ఇసుక దిబ్బ మీదుగా వీస్తుంది, ఆ ఒడ్డు దిశ కూడా సరైన కోణంలో ఉంది. లూడెరిట్జ్‌లో అయితే పరుగుల కోసం ప్రత్యేకంగా కాలువే తవ్వారు. ప్రపంచంలో ఇలాంటి తావులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

సమాధానం: త్రిభుజం

మీ రెండో సందేహం గురించి నా అంచనా చెబుతాను. రికార్డు నిలిచి ఉండటానికి గోడ ఒక్కటే కారణం కాదు. 65 నాట్లను స్వల్పంగా దాటాలన్నా, ఆవిరి సంచుల అవతల పనిచేసే ఫాయిల్, ఒరిగించే భ్రామకం లేని అమరిక, తక్కువ వేగం నుంచి పైకి ఎక్కించే పద్ధతి మూడూ ఒకేసారి కుదరాలి. మామూలు పోటీ పడవల తయారీలో నేర్చుకున్నది ఇందులో పెద్దగా అక్కరకు రాదు. ఆ పోటీలలో ఈ మూడింటి అవసరమే లేదు కనుక అక్కడి డబ్బూ, ఇంజినీర్లూ ఇటు రారు. ఇలాంటి పడవను ఎవరో ఒకరు పనిగట్టుకుని ఏళ్ల తరబడి కట్టాలి. తర్వాత సరైన గాలి కోసం ఒడ్డున కాచుకోవాలి.

ఇప్పుడు ఆ పని చేస్తున్నవారు ఉన్నారు. స్విట్జర్లాండ్‌లోని లోజాన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో చదివిన యువ ఇంజినీర్లు మొదలుపెట్టిన ఎస్‌పీ80, 80 నాట్లను లక్ష్యంగా పెట్టుకుంది. అందులో తెరచాపకు బదులు గాలిపటం ఉంటుంది. గాలిపటం పైకి లాగితే గాలి నిండే ఫాయిల్ కిందికి పట్టి ఉంచుతుంది. మూల సూత్రం స్మిత్‌దే. 2025లో అది 58 నాట్లను దాటింది. అయితే అది ఒక క్షణపు గరిష్ఠ వేగం, 500 మీటర్ల సగటు కాదు. ఈ తేడాను వార్తలు తరచూ చెరిపేస్తాయి. ఫ్రాన్స్‌లో అలెక్స్ కైజెర్గ్ కూడా సిరోకో అనే బృందంతో అదే 80 నాట్ల లక్ష్యాన్ని ప్రకటించారు.

80 నాట్లంటే ఎంతో ఒకసారి చూడండి. 30 నాట్ల గాలిలో దాన్ని అందుకోవాలంటే నిష్పత్తి 2.67 కావాలి, బీటా 22 డిగ్రీలకు దిగాలి. సెయిల్‌రాకెట్ 23, 24 డిగ్రీల దగ్గర ఆగింది. ఒకటి రెండు డిగ్రీలే కదా అనిపిస్తుంది గానీ, ఆ వేగంలో గతిజ పీడనం 860 కిలోపాస్కల్స్‌కు పైగా ఉంటుంది. చూషణ వైపు చేయగలిగేది ఇక ఎనిమిదో వంతు కంటే తక్కువే. కాబట్టి దాదాపు మొత్తం బలాన్ని ఫాయిల్ ఒత్తిడి ముఖమే మోయాలి, అదీ ఇప్పటికంటే తక్కువ డ్రాగ్‌తో.

వాలుగాలి

మూడు సందేహాలూ తీరాయి. చివరి లెక్క చూశాక మరొకటి పుట్టింది: నీటివైపు ఇంకేమీ మిగలనప్పుడు, గాలివైపు డ్రాగ్ కోణాన్ని తగ్గించడమే సులువైన దారి కాదా? గాలిపటానికి తాళ్ల డ్రాగ్ ఉంటుందని పైన అన్నారు. మరి 80 నాట్ల లక్ష్యం పెట్టుకున్నవారు గట్టి రెక్కను వదిలి గాలిపటాన్ని ఎందుకు ఎంచుకున్నట్టు?

సమాధానం: నీటి అడుగున

నా ఊహ ఇది. గట్టి రెక్క బరువు, దాన్ని మోసే దూలం బరువు, ఆ దూలం డ్రాగ్ అన్నీ పడవకే తగులుతాయి. గాలిపటం తన బరువును తానే మోసుకుంటుంది, పైగా ఎత్తున గాలి మరింత బలంగా, నిలకడగా ఉంటుంది. తాళ్ల డ్రాగ్ వల్ల పోయే డిగ్రీలు ఇందులో తిరిగి వస్తాయా లేదా అన్నది కాగితం మీద తేలేది కాదు. రెక్క వైపు సెయిల్‌రాకెట్ లెక్క ఇప్పటికే నమోదై ఉంది. గాలిపటం వైపు 500 మీటర్ల సగటు అంకె వచ్చిన రోజున రెండింటినీ పక్కపక్కన పెట్టి బీటాలు లెక్కగట్టవచ్చు. గాలి వేగాన్ని కూడా ప్రకటిస్తేనే సుమా.